ఒక బిల్లు వెంట ఒక రోజు

20వ తేదీ. జీఎస్టీ రిటర్ను దాఖలుకు ఈ రోజే ఆఖరు గడువు. పొద్దున తొమ్మిదికి లెక్కల ముందు కూర్చుంటే, లేచేసరికి రాత్రి పదిన్నర అయింది. పన్ను ఎంతో లెక్క గట్టడం గంటలోనే పూర్తయింది. మిగిలిన రోజంతా ఒక్క బిల్లు వెంట తిరిగాను.

సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును నా పన్నులోంచి తగ్గించుకోవాలంటే, అమ్మినవారు ఆ బిల్లును తమ రిటర్నులో నా జీఎస్టీ నంబరు మీద చూపించి ఉండాలి. బాబాయి అని నేను పిలిచే పెద్దాయన సరుకు ఇచ్చారు, పన్నూ కట్టారు. అయితే నమోదైన వ్యాపారికి అమ్మినట్టు చూపవలసిన ఆ బిల్లు మామూలు కొనుగోలుదారుకు అమ్మినట్టు నమోదై వెళ్ళిపోయింది. తెర మీద అది ఒక గడి తేడా. కాగితం బిల్లు నా చేతిలోనే ఉన్నా, పోర్టల్‌లో నా ఖాతాకు మాత్రం ఆ కొనుగోలు జరగనే లేదు.

ఫోను చేస్తే, "తప్పు మా వల్లే జరిగిందమ్మా, కంప్యూటరు పని మా అబ్బాయే చూస్తాడు, వాడు సాయంత్రం గానీ రాడు" అన్నారు. ఆయన గొంతులోని సిగ్గు నన్ను బాధపెట్టింది. ఆయన చిట్టా, ఆవర్జా నేను చూశాను. ఎక్కడా ఒక కొట్టివేత కనబడదు. అంత నిక్కచ్చిగా లెక్క రాసే మనిషి, తన లెక్క తాను ప్రభుత్వానికి చెప్పుకోలేక, కొడుకు ఇంటికి వచ్చే వేళ కోసం ఎదురుచూడవలసి వస్తోంది.

సరుకు కదలకుండానే దొంగ బిల్లులు పుట్టించి పన్ను కాజేసినవారు ఉన్నారు కనుక, రెండు వైపులా సరిపోల్చే ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా భారం పంపిణీ గురించే. పెద్ద సంస్థలో ఈ పనికి ఒక విభాగమే ఉంటుంది. చిన్న వ్యాపారంలో కొనేది, అమ్మేది, బాకీలు వసూలు చేసేది, ఓటీపీ కోసం చూస్తూ కూర్చునేది ఒకే మనిషి. అమ్మకాలే లేని నెలకూ రిటర్ను వేయాలి, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, అమ్మకాలుంటే రోజుకు 50. 5 కోట్ల లోపు టర్నోవరు వారికి మూడు నెలలకొక రిటర్ను చాలన్న వెసులుబాటు 2021 జనవరిలో వచ్చింది గానీ, పన్ను మాత్రం నెలనెలా కట్టవలసిందే.

నాకు దిగులు కలిగించేది మరొకటుంది. వ్యాపారికి ఇచ్చే ప్రతి బిల్లునూ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించవలసిన ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్ పద్ధతి 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలై, 2023 ఆగస్టు నాటికి 5 కోట్లకు దిగింది. ఆ హద్దు ఇంకా కిందికి వస్తే బాబాయి లాంటివారి పరిస్థితి ఏమిటి? వయసు వల్లనో, వైకల్యం వల్లనో, మారుమూల ఉండటం వల్లనో డిజిటల్ పద్ధతి వాడలేనివారు మినహాయింపు కోరే వీలు బ్రిటన్‌లో ఉంది. ఆయన వయసువారికి ఇక్కడా అలాంటి దారి ఒకటి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చివరికి ఆ బిల్లును పక్కన పెట్టి, దాని మీద తగ్గవలసిన పన్నును కూడా చేతి డబ్బుతో కట్టి రిటర్ను దాఖలు చేశాను. వచ్చే వారం సరుకుకని దాచిన డబ్బది.

పడుకోబోతుండగా బాబాయి మళ్ళీ ఫోను చేశారు. వచ్చే నెల 11వ తేదీలోగా దగ్గరుండి సవరణ వేయిస్తానని చెప్పి, బిల్లు నంబరు చదవమన్నారు. నేను ఒక్కొక్క అంకే చదివాను. ఆయన రాసుకుని, తిరిగి నాకు చదివి వినిపించారు.