బ్రేక్ పెడల్ మెత్తబడింది: నాలుగు ఆదివారాల పని

అనంతగిరి ఘాట్ దిగుతున్నప్పుడు మొదలైందిది. అరకు నుంచి విశాఖ వస్తున్నాం. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను. మూడో గేరులోనే ఉంచి మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగాను. ఆ తప్పు నాదే. శృంగవరపుకోట ఇంకా కొంత దూరం ఉందనగా పెడల్ స్పాంజి మీద కాలు వేసినట్టు అయిపోయింది. రెండు మూడుసార్లు తొక్కితే గానీ బండి ఆగలేదు. రెండో గేరులోకి దించి, హ్యాండ్ బ్రేకు సాయంతో పక్కన ఆపి, ముప్పావు గంట చల్లారనిచ్చాం. ఆ తర్వాత పెడల్ చాలావరకు బాగుపడింది. పూర్తిగా మాత్రం కాదు.

ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. పెడలే మెత్తబడి, చల్లారాక మళ్లీ గట్టిపడిందంటే లోపల బ్రేక్ ఆయిల్ మరిగినట్టు. ఆవిరిని నొక్కితే నలుగుతుంది, ఆయిల్ నలగదు. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది తేమను పీల్చుకుంటుంది. నీరు 3.7 శాతానికి చేరాక ఆ హద్దు 140 డిగ్రీలే. నేను ఆయిల్ ఎప్పుడు మార్చానా అని బిల్లు వెతికితే ఆరేళ్ల కిందటిది దొరికింది. మాదేమో సముద్రం ఒడ్డున ఊరు.

మొదటి ఆదివారం. డాట్ 3 అర లీటరు డబ్బాలు రెండు, ఆక్వేరియం షాపులో పారదర్శకమైన సన్న పైపు ఒక మీటరు, 8, 10 నంబరు రింగు పానాలు తెచ్చాను. పెడల్ తొక్కడానికి మా బావమరిదిని పిలిచాను. బ్రేక్ ఆయిల్ నిలవ ఉండే డబ్బా, అంటే రిజర్వాయర్‌లోని పాత ఆయిల్ సిరంజితో లాగేసి కొత్తది పోశాను. ఇక ఒక్కో చక్రం దగ్గర పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి పంపాలి, దీన్నే ఎయిర్ తీయడం అంటారు. మా కారుకు మాన్యువల్‌లో ఉన్న వరుస: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం ముందు, దగ్గరిది చివర. అన్ని బళ్లకూ ఇదే వరుస కాదు, మీ మాన్యువల్ చూసుకోండి.

"నొక్కరా" అంటే నొక్కుతాడు, "పట్టాను బావా" అంటాడు. నేను చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిప్పిల్ పావు తిప్పు వదులు చేసి, ఆయిల్ వచ్చాక బిగించి, "వదులు" అంటాను. బిగించకముందే పెడల్ వదిలితే గాలిని లోపలికి లాగేస్తుంది, మళ్లీ మొదటికొస్తాం. ఒకసారి మధ్యలో ఫోను వచ్చి సరిగ్గా అదే చేశాడు. వెనక చక్రాల నుంచి కాఫీ డికాషన్ రంగు ఆయిల్ వచ్చింది. బానెట్ అంచు మీద రెండు చుక్కలు పడితే వెంటనే నీళ్లతో కడిగాను, లేకపోతే పెయింట్ లేచిపోతుంది.

స్పాంజితనం పోయింది. కానీ బ్రేకు పట్టేలోపు పెడల్ ఇంకా చాలా లోతుకు వెళ్తోంది.

రెండో ఆదివారం. ఇంకా గాలి ఉందేమోనని మళ్లీ ఎయిర్ తీశాను. ఒక్క బుడగ రాలేదు. ఒక డబ్బా వృథా. అప్పుడు చేయాల్సిన పరీక్ష గుర్తొచ్చింది: హ్యాండ్ బ్రేకు మూడు క్లిక్కులు లాగి పెడల్ తొక్కడం. తొక్కితే పెడల్ పైనే ఆగింది! హ్యాండ్ బ్రేకు వెనక షూలను డ్రమ్ముకు దగ్గర చేస్తుంది, అంటే ఆ షూలకూ (రాసుకుని చక్రాన్ని ఆపేవి) వాటి చుట్టూ తిరిగే డ్రమ్ముకూ మధ్య సందు ఎక్కువైంది. డ్రమ్ములు విప్పితే షూలు బాగానే ఉన్నాయి, ఆ సందును సర్దే అడ్జస్టర్ ఎడమవైపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, పళ్లున్నచోట గ్రీజు పలచగా రాసి, డ్రమ్ము ఎక్కించాక షూ కొద్దిగా రాసుకునేలా సర్దాను. దుమ్మును నోటితో ఊదొద్దు, బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడవండి. షూలను నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగులు ఎత్తి చూశాను, తడి లేదు. పెడల్ పైకొచ్చింది. అయిపోయిందనుకుని బిర్యానీ తెప్పించాను.

మూడో ఆదివారం. అయిపోలేదు. బుధవారం సిగ్నల్ దగ్గర కాలు తేలిగ్గా ఆనించి ఉంటే పెడల్ నెమ్మదిగా కిందికి దిగిపోతోంది. వదిలి మళ్లీ తొక్కితే పైన పడుతోంది. ఆ రోజు నుంచి బండి తీయలేదు. ఆదివారం కూర్చుని పరీక్షించాను. గట్టిగా తొక్కితే ఆగుతోంది, మెల్లగా నొక్కితే అరనిమిషంలో దిగిపోతోంది. రిజర్వాయర్‌లో ఆయిల్ తగ్గలేదు. చక్రాల లోపలివైపు, పైపుల కీళ్లు, మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు (తొక్కుడు బలం పెంచే భాగం) ఆనే చోటు, అన్నీ పొడిగానే ఉన్నాయి. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగి ఆగింది. అంటే బూస్టర్ పనిచేస్తోంది. బయటికి కారడం లేదు కాబట్టి మాస్టర్ సిలిండర్ లోపలే సీలు దాటి ఆయిల్ వెనక్కి పోతోంది.

విప్పి చూశాక కడుపు మండింది. మామూలుగా నడిపేటప్పుడు పిస్టన్ బోరులో సగం దూరమే తిరుగుతుంది. ఆ తర్వాతి భాగం ఆరేళ్ల తడి ఆయిల్‌కి గుంటలు పడి గరుకుగా ఉంది. మొదటి ఆదివారం మావాడిని నేలకు ఆనేదాకా తొక్కమన్నది నేనే. సీలు అంచు ఆ గరుకులో చిరిగింది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి ఉంటే సరిపోయేది.

నాలుగో ఆదివారం. బోరు గుంటలు పడితే రిపేరు కిట్ వేసి లాభం లేదు, మొత్తం సిలిండరే కొన్నాను. బండికి బిగించేముందు వైస్‌లో పెట్టి, రెండు అవుట్‌లెట్ల నుంచి పైపులు రిజర్వాయర్‌లోకే వంచి, స్క్రూడ్రైవర్‌తో పిస్టన్‌ను నెమ్మదిగా నొక్కుతూ బుడగలు ఆగేదాకా గాలి తీశాను. పైపు నట్లు ముందు చేత్తో నాలుగు చుట్లు ఎక్కించాకే పానా పట్టాను. మళ్లీ నాలుగు చక్రాలకూ ఎయిర్ తీశాం, ఈసారి పెడల్ కింద రెండంగుళాల టేకు ముక్కతో. "ఇది ముందే పెట్టొచ్చుగా బావా" అన్నాడు.

మెల్లగా రెండు నిమిషాలు నొక్కిపట్టినా పెడల్ కదల్లేదు. ఖాళీ లేఅవుట్ రోడ్డులో 20 వేగంతో మొదలుపెట్టి 40 దాకా ఆపి చూశాను. బండి ఏ పక్కకీ లాగలేదు.

మిగిలింది ఒకటి: ముందు కుడి చక్రం రబ్బరు హోస్ వంపు దగ్గర సన్నని పగుళ్లు ఉన్నాయి. రెండు వైపులకూ ఆర్డర్ పెట్టాను. అవి మారిస్తే ముందు చక్రాలకు మళ్లీ ఎయిర్ తీయాలి. టేకు ముక్క డిక్కీలోనే ఉంచాను.