నిమ్మచెట్టు పక్కన ఆదివారం

పెరటిపని రోజు. నిమ్మచెట్టు కొమ్మకు చిన్న తేనెపట్టు ఉంది, పనంతా దాన్ని బట్టే సాగింది.

అరచేయంత పట్టు. పైనంతా ఈగలే, మైనం కనబడదు. పట్టుకు అటూ ఇటూ కొమ్మ మీద జిగురు పట్టీ మెరుస్తోంది. చీమలు దాటి రాకుండా చెట్ల బంక తెచ్చి ఈగలే పూసుకుంటాయి, దాన్ని తుడవకూడదు. ముఖం మరీ దగ్గరగా పెడితే పట్టంతా ఒక్కసారిగా అల్లాడి బుస్సుమంటుంది. అది హెచ్చరిక. నెమ్మదిగా వెనక్కి జరిగితే సద్దుమణుగుతుంది.

పూల మీద వాలిన ఈగ మన జోలికి రాదు. గొడవంతా పట్టు దగ్గరే, అందులోనూ అదురుతో. గడ్డి కోసే మిషను, కొమ్మ నరుకుడు, చెట్టుకు తగిలే బంతి: రేపేవి ఇవే. అందుకే చెట్టు చుట్టూ మూడు మీటర్ల గడ్డి కోయకుండా వదిలేశాం. ఈగలు వచ్చిపోయే దారికి అడ్డంగా బట్టల తాడు ఉంటే మార్చాల్సిందే. ముదురు రంగు బట్టలు, నోటి ఊపిరి కూడా వాటికి పడవు.

చూరుకు వేలాడే పెద్ద ఈగల పట్టయితే ఈ లెక్క చెల్లదు. రేగితే గుంపుగా వెంటపడతాయి. రాళ్లు, పొగ, పెట్రోలు అని సొంత వైద్యం చేయకుండా తెలిసినవాళ్లను పిలవాలి. రాత్రి దాని దగ్గర లైటు వేస్తే ఈగలు ఇంట్లోకే వస్తాయి. తరిమితే నీళ్లలో దూకకుండా, ముఖం కప్పుకుని ఏదో ఒక గదిలోకి పరుగెత్తి తలుపేసుకోవాలి.

పందిరి గుంజకు వేలు పట్టేంత గుండ్రటి బెజ్జం, కింద రంపపు పొట్టు. తుమ్మెద పని. ముఖానికి ఎదురుగా గాల్లో నిలబడి బెదిరించేది మగది, దానికి కొండే ఉండదు! ఆడది కుట్టగలదు గానీ చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. కర్రకు రంగు వేస్తే అంతగా తొలచదు.

తేనెటీగ కుడితే కొండి వెంటనే తీయాలి. గోటితో గీకినా, గిల్లి లాగినా ఒకటే, ఆలస్యమే చేటు: ఊడివచ్చిన విషపు తిత్తి ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. కుట్టినచోట వచ్చే అరటిపండు లాంటి వాసన మిగతావాటికి పిలుపు, కాబట్టి అక్కణ్నుంచి తప్పుకున్నాకే సబ్బుతో కడగాలి. నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరాడకపోయినా ఇంట్లో ఆగకుండా ఆస్పత్రికే.

ఈగల కోసం పెట్టిన నీళ్ల పళ్లెం కుళాయి దగ్గర్నుంచి తీసి అటు మూలకు మార్చాం. మునగకుండా వాలడానికి గులకరాళ్లు వేశాం. ఇక కుళాయి చుట్టూ మూగడం తగ్గాలి.