పేజీ ఎక్కడ తెగాలి

ఇక్కడ అమెరికాలో కొత్తగా ప్రాజెక్టుల్లోకి వచ్చే మన పిల్లలు చాలామంది ఫోన్ చేసి అడిగే మాట ఒకటుంది: "అన్నా, నన్ను డాక్యుమెంట్ అవుట్‌పుట్ టీమ్‌లో వేశారు, ఇందులో ఉండిపోతే కెరీర్ పాడవుతుందా?" రూమ్మేట్లు క్లౌడ్ అనీ ఏఐ అనీ మాట్లాడుకుంటుంటే తాము మాత్రం బిల్లులూ పాలసీ కాగితాలూ ప్రింటుకు పంపే ప్రోగ్రాములు రాస్తున్నామని వాళ్ల దిగులు. నాకు ఈ పని మీద చాలా గౌరవం ఉంది. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ఏళ్ల తరబడి ఇదే చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఫోన్లో సగం సగం చెప్పే బదులు ఈసారి మొత్తం రాస్తున్నాను.

పని ఏమిటో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఇటు నుంచి సాదా టెక్స్ట్ వస్తుంది, అటు నుంచి ప్రింటర్‌కు వెళ్లే పేజీలు రావాలి. నేను చేరినప్పుడు ఆ టెక్స్ట్ మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద నడిచే, కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాముల నుంచి వచ్చేది. వరుసకు 133 గళ్లు, పేజీకి 66 వరుసలు. 66 ఎందుకంటే కాగితం పొడవు 11 అంగుళాలు, అంగుళానికి ఆరు వరుసలు. 133లో మొదటి గడి కాగితం మీద పడదు, అది ప్రింటర్‌కు ఇచ్చే ఆదేశం. అక్కడ 1 ఉంటే కొత్త పేజీ, ఏమీ లేకపోతే తర్వాతి వరుస, 0 ఉంటే ఒక వరుస వదిలి, మైనస్ ఉంటే రెండు వదిలి, ప్లస్ ఉంటే కాగితం కదపకుండా అదే వరుస మీద మళ్లీ కొట్టాలి. ఆ ప్లస్ దేనికో కొత్తవాళ్లకు అర్థం కాదు. పాత ప్రింటర్లలో అక్షరం ముదురుగా కనిపించాలంటే అదే వరుసను రెండుసార్లు కొట్టేవాళ్లు, పదం కింద గీత గీయాలన్నా అంతే. అందుకని మా ప్రోగ్రాం ప్లస్ కనిపించగానే పై వరుసతో పోల్చి చూసి, అవే అక్షరాలైతే బోల్డ్ అనీ, అండర్‌స్కోర్లు అయితే గీత అనీ తేల్చుకుంటుంది. ఎప్పుడో ఇనుప అక్షరాలు కాగితాన్ని కొట్టిన రోజుల్లో ఒకరు చేసిన ఏర్పాటును ఇవాళ జావాలో రాసిన కోడ్ అర్థం చేసుకుని పీడీఎఫ్‌లో నిలబెట్టడం నాకు మొదటి రోజు నుంచీ నచ్చింది.

ఆ లెక్కలు అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉన్నన్నాళ్లే పనికొస్తాయి. మామూలు పుస్తకం ఫాంటుకు వస్తే ఒక్కో అక్షరానిది ఒక్కో వెడల్పు. హెల్వెటికా అనే ఫాంటులో సైజును వెయ్యి భాగాలు చేస్తే చిన్న ఐ 222, పెద్ద డబ్ల్యూ 944. ఇక వరుసకు ఎన్ని అక్షరాలు పడతాయన్న ప్రశ్నే ఉండదు, ఒక్కో పదం వెడల్పూ కూడుకుంటూ వెళ్లాలి. అంకెలు మాత్రం సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ 556. అందుకే డాలర్ల కాలమ్‌ను కుడివైపుకు ఆనిస్తే చాలు, దశాంశ చుక్కలు ఒకదాని కింద ఒకటి వరుసగా నిలబడతాయి. ఇక పీడీఎఫ్‌లో అంగుళానికి 72 పాయింట్లు, ఇక్కడి లెటర్ సైజు కాగితం 612 వెడల్పు 792 ఎత్తు, కొలత మొదలయ్యేది కింది ఎడమ మూల నుంచి. పైనుంచి కిందికి చదివేదాన్ని కింద నుంచి పైకి కొలవడం కొద్దిరోజుల్లో అలవాటైపోతుంది.

ఇంతవరకూ ఎవరైనా నేర్చుకుంటారు. అసలు కష్టం పేజీ ఎక్కడ తెగాలో తేల్చడంలో ఉంది. హెడ్డింగు ఒక్కటే పేజీ అడుగున మిగిలిపోయి దాని కింది పేరా అవతలి పేజీలోకి వెళ్లకూడదు. పట్టికంతా ఒక పేజీలో ఉండి 'మొత్తం' అన్న వరుస మాత్రం తర్వాతి పేజీ నెత్తిన ఒంటరిగా కూర్చోకూడదు. అప్పీలు చేసుకునే గడువు ఒక పేజీలో, ఆ అప్పీలు దేని మీదో చెప్పే పేరా ఇంకో పేజీలో ఉండకూడదు. రెండువైపులా ప్రింటయ్యే కాగితాల్లో ప్రతి కస్టమర్ ఉత్తరమూ కాగితం ముందువైపే మొదలవ్వాలి, లేకపోతే ఒకరి లెక్కల వెనకవైపు ఇంకొకరి పేరూ అడ్రసూ పడతాయి. అడుగున "7లో 1వ పేజీ" అని వేయాలంటే మొత్తం ఏడని ముందే తెలియాలి, కాబట్టి ఒకసారి డాక్యుమెంటంతా పేర్చి లెక్కపెట్టి, రెండోసారి అసలు పేజీలు రాయాలి. ఆ రెండోసారిలో 9 కాస్తా 10 అయి ఒక అంకె ఎక్కువైతే వరుస పొంగకుండా దానికి ముందే చోటు వదలాలి.

వరుసలు విరవడంలోనూ ఇదే సంగతి. పట్టినన్ని పదాలు పెట్టు, పట్టకపోతే కింది వరుసకు దింపు అనే పద్ధతి రాయడానికి పది నిమిషాలు పట్టదు. కానీ పెళ్లి భోజనాల్లో మొదటి బంతిని కిక్కిరిసేలా నింపేసి, ఆఖరి బంతికి ఇద్దరు ముసలివాళ్లను మిగిల్చినట్టు ఉంటుంది ఫలితం. వడ్డించేవాడు వాకిట్లో ఎంతమంది ఉన్నారో ముందే చూసుకుని బంతులు వేసుకోవాలి. డొనాల్డ్ క్నూత్, మైఖేల్ ప్లాస్ 1981లో ప్రచురించిన పద్ధతి ఇలాగే పేరా మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది. ఒక్కో వరుసలో ఖాళీలు ఎంత సాగాయో, ఎంత కుంచించుకున్నాయో దాన్నిబట్టి ఒక దోషం విలువ కట్టి, పేరా అంతటికీ మొత్తం దోషం తక్కువయ్యేలా విరుస్తుంది. ఇంటర్వ్యూల కోసం డైనమిక్ ప్రోగ్రామింగ్ (పెద్ద సమస్యను చిన్న ముక్కలుగా తేల్చుకుంటూ వెళ్లే పద్ధతి) బట్టీ పట్టిన పిల్లలకి చెబుతుంటాను, ఆ పాఠానికి ఇంతకంటే అందమైన ఉపయోగం నేను చూడలేదని.

కొన్ని నెలలు స్క్రీన్ మీదే పేజీలు చూశాక మా టీమ్‌లో సీనియర్ ఆవిడ నన్ను ప్రింట్ ఫ్లోర్‌కి తీసుకెళ్లింది. కోబాల్ రోజుల నుంచి రిటైర్మెంట్ దాకా ఒకే చోట పనిచేసిన మనిషి. పెద్ద పెద్ద కాగితం చుట్టలు ఒకవైపు నుంచి విప్పుకుంటూ వెళ్తుంటే రెండోవైపు కోసి, మూడు మడతలు పెట్టి, కవర్లో దూర్చే యంత్రాలు. కాగితం అంచున మేము వేసే చిన్న గీతల్ని చూసి, ఇది ఈ కస్టమర్ ఆఖరి కాగితమా కాదా అని యంత్రం తెలుసుకుంటుంది. అడ్రసు కొంచెం కిందికి జారితే కవరు కిటికీలోంచి కనపడదు. ఆవిడ ఒక ఉత్తరం తీసి చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కళ్లజోడు పైకి నెట్టి చదివింది. డెబ్బై ఏళ్ల మనిషి వంటింటి బల్ల దగ్గర కూర్చుని దీన్ని చదువుతాడు, నువ్వు పేజీ విరిచేటప్పుడు అతన్ని గుర్తుపెట్టుకో అంది. చాలా రాష్ట్రాల్లో పాలసీ అక్షరాలు 10 పాయింట్లకు తగ్గకూడదన్న నియమం ఉన్నదీ అలాంటివాళ్ల కోసమే.

ఒకసారి లీగల్ వాళ్లు ఒక నోటీసులో ఒక్క వాక్యం పెంచారు. నాలుగు కాగితాల్లో సరిపోయే ఉత్తరం ఐదో కాగితం మీదికి ఒక్క వరుసతో పొర్లింది. మామూలు కాగితం ఒకటి నాలుగున్నర గ్రాముల బరువు ఉంటుంది, నాలుగు కాగితాలూ కవరూ కలిపి ఒక ఔన్సు (దాదాపు 28 గ్రాములు) లోపల ఉంటాయి, ఐదోది చేరితే ఔన్సు దాటి అప్పట్లో పోస్టేజీ పెరిగేది. ఎన్ని లక్షల కవర్లయితే అన్నిసార్లు పెరిగేది. ఫాంట్ తగ్గించడానికి వీల్లేదు. పేరాల మధ్య ఖాళీని పేజీ మొత్తం మీద కొద్దికొద్దిగా సర్దే కోడ్ రాసి ఆ వరుసను వెనక్కి తెచ్చాం. చదివేవాళ్లకు తేడా తెలియలేదు, అలా తెలియకపోవడమే మాకు కావలసింది.

ఈ పని నాకు ఇంత దగ్గర కావడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాక ఇంటికొచ్చే ఆ ఇన్సూరెన్స్ ఉత్తరాన్ని గుర్తుచేసుకోండి. కవరు తెరవగానే వేల డాలర్ల అంకెలు. మన జీతం, ఇంటికి పంపాల్సిన డబ్బు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరుగుతాయి. ఇది బిల్లు కాదు అని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది, కానీ అది ఎక్కడ ఉంటుందన్నది ముఖ్యం. అంకెల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. పట్టిక పైన, పెద్ద అక్షరాల్లో, విడిగా ఉంటే ఊపిరి పీల్చుకుంటాం. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు పోస్టులో ఇలాంటిది వస్తే పడే టెన్షన్ నేను మన ఇళ్లల్లోనే చూశాను. మా డాక్యుమెంట్లలో ఆ వాక్యం ఉన్న బ్లాకును ఏ పరిస్థితిలోనూ పట్టిక నుంచి విడదీయకూడదని, మొదటి పేజీ దాటి పోనివ్వకూడదని రూల్ రాయించాను. మీటింగులో దాని కోసం గట్టిగానే మాట్లాడాను.

కెరీర్ సంగతికి వస్తే, ఈ పని చరిత్ర కొంచెం చూడండి. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రనాఫ్ అనే ప్రోగ్రాం రాశాడు, టైపు చేసిన టెక్స్ట్ మధ్యలో చుక్కతో మొదలయ్యే ఆదేశాలు పెడితే అది పేజీలుగా పేర్చేది. దాని సంతతే రాఫ్. బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నవాళ్లకు కొత్త పీడీపీ-11 మెషిన్ దొరికింది కూడా టెక్స్ట్ ఎడిట్ చేసి ఫార్మాట్ చేసే సిస్టం తయారుచేస్తామని చెప్పినందుకే. 1971లో అక్కడి పేటెంట్ విభాగం టైపిస్టులు ముగ్గురు దాని మీద పేటెంట్ దరఖాస్తులు టైపు చేస్తుండేవాళ్లు. తర్వాత జో ఒసాన్నా రాఫ్‌కు వారసుడిగా ట్రాఫ్ రాశాడు, 1977లో ఆయన చనిపోయాక బ్రయన్ కెర్నిగన్ దాన్ని ఏ ప్రింటర్‌కైనా పనికొచ్చేలా మార్చాడు. ఇవాళ లినక్స్‌లో ఏ కమాండ్ ఎలా వాడాలో చూడ్డానికి మాన్ అని కొట్టినప్పుడు వచ్చే పేజీలను చాలా మెషిన్లలో పేర్చేది ఆ వంశంలోని గ్రాఫే. కంప్యూటర్ సైన్సులో పెద్దపెద్దవాళ్లు ఏళ్లకు ఏళ్లు ఇచ్చిన సమస్య ఇది. దీన్ని చిన్న పని అనుకోవాల్సిన అవసరం మీకు లేదు.

ఆఫీసులో నేర్చుకున్నది నాకు ఆదివారాలు కూడా పనికొచ్చింది. ఇక్కడ పిల్లలకు తెలుగు నేర్పే బడిలో పద్యాలూ పాఠాలూ కాగితాల మీద ఇవ్వడానికి సొంతంగా ఒక ఫార్మాటర్, అంటే టెక్స్ట్‌ను పేజీలుగా పేర్చే ప్రోగ్రాం, రాయడం మొదలుపెట్టాను. తెలుగు వచ్చేసరికి ఇంగ్లిష్‌లో తెలిసినవన్నీ మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. 'స్త్రీ' అని రాస్తే యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో నంబర్లు ఇచ్చే పద్ధతి) ఆరు కోడ్లు, పేజీ మీద ఒకే అక్షరం. కోడ్లు లెక్కపెట్టి వరుస విరిస్తే హల్లు ఒక వరుసలో, దాని పొల్లో గుడిదీర్ఘమో ఇంకో వరుసలో పడి చుక్కల సున్నా కనిపిస్తుంది. వెడల్పు కావాలంటే ముందు హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీకి పదాన్ని ఇచ్చి, ఏ ఆకారాలు వస్తాయో, ఎక్కడ కూర్చుంటాయో అడిగి తెలుసుకోవాలి. వరుసల మధ్య దూరం ఇంగ్లిష్‌కు సరిపోయేది మనకు చాలదు. 'రాష్ట్రం'లో ష కింద టవత్తు, దానికి తోడు రవత్తు, సరిగ్గా దాని కింది వరుసలో ఒక గుడిదీర్ఘం వస్తే రెండూ గుద్దుకుంటాయి. పదో పన్నెండో పాయింట్ల దూరంతో మొదలుపెట్టినవాళ్లు చివరికి ఫాంట్ సైజుకు ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగుతారు. సంధులు కలిసిన పొడుగు పదాల వల్ల రెండువైపులా అంచులు సమంగా పెట్టబోతే పదాల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి, కాబట్టి అక్షరానికీ అక్షరానికీ మధ్య విరిచే వీలు కల్పించాలి. తయారైన పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేస్తే తెలుగే రావాలంటే ఆకారాల నుంచి యూనికోడ్‌కు తిరుగు పట్టిక కూడా అందులో పెట్టాలి.

విదేశాల్లో కూర్చుని తెలుగును కాగితం మీదికి తేవడానికి తంటాలు పడ్డవాళ్లు నాకంటే ముందు చాలామంది ఉన్నారు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగు విద్యార్థులు 1990ల్లో, మామూలు కంప్యూటర్లలో తెలుగు కనిపించడమే గగనమైన రోజుల్లో, ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతినీ, దాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాంనూ తయారుచేశారు. మనం ఇవాళ ఫోన్లో amma అని కొట్టి అమ్మ అని తెప్పించుకునే తీరులో వాళ్ల శ్రమ ఉంది.

నా ఫార్మాటర్‌లో ఆదేశాలు పాత రాఫ్ పద్ధతిలోనే చుక్కతో మొదలవుతాయి, పేర్లు మాత్రం .శీర్షిక, .పద్యం, .అర్థాలు. .పద్యం అంటే నాలుగు పాదాలూ ఒకే పేజీలో ఉండి తీరాలి. కాగితం సైజు కూడా ఒక ఆదేశమే, ఎందుకంటే ఈ పాఠాలు విజయవాడలో ఉన్న అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుంటారు, వీడియో కాల్లో మనవలకు చెప్పించడానికి. ఇక్కడి లెటర్ కాగితం అక్కడి ఏ4 కంటే 6 మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ, 18 మిల్లీమీటర్లు పొడవు తక్కువ. ఇక్కడి ఫైలు అలాగే పంపితే షాపువాడు కాగితానికి సరిపోయేలా కుదించి తీస్తాడు, అక్షరాలు ఇంకా చిన్నవవుతాయి. ఏ4కు విడిగా పేజీలు పేర్పిస్తే పెద్దవాళ్లకు 14 పాయింట్ల అక్షరాలు కూడా హాయిగా పడతాయి.

ఇంకా తేలనిది పద్యం కింద వేసే అర్థాల సంగతి. పద్యం ఏ పేజీలో ఉంటే దాని కష్టమైన పదాల అర్థాలు ఆ పేజీ అడుగునే ఉండాలి. కానీ అర్థాలకు చోటు ఇస్తే పద్యానికి చోటు చాలక తర్వాతి పేజీకి పోతుంది, పద్యం పోతే అర్థాలు కూడా పోవాలి, అవి పోగానే మళ్లీ పద్యానికి చోటు వచ్చేస్తుంది. ఇలా ప్రోగ్రాం రెండు పేజీల మధ్య తిరుగుతూ ఉంటుంది. ప్రస్తుతానికి ఒకసారి తర్వాతి పేజీకి జరిపిన పద్యాన్ని మళ్లీ వెనక్కి రానివ్వడం లేదు, పై పేజీ అడుగున కొంత ఖాళీ మిగిలినా సరే. ఇంతకంటే మంచి ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వచ్చే సెమిస్టర్ పుస్తకం సుమతీ శతకం నుంచి మొదలవుతుంది, ఆ లోపు సరిచేస్తాను.