చెప్పకుండా కోట దిగిన సిపాయి

రాత్రి మొదటి జాము టర్ను మొదలైంది. నేను ఇంకా మౌస్ మీద చెయ్యి కూడా వేయలేదు. కోటలో కాపలా ఉన్న నా ఈటె సిపాయి తనంతట తానే మెట్లు దిగి, ఎదురుగా ఉన్న నదిలోకి నడిచి, మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. అవతలి ఒడ్డున ముగ్గురు ఓర్కులు, అంటే శత్రుపక్షపు రాక్షసజాతి సైనికులు, ఉన్నారు.

ఆట పేరు బ్యాటిల్ ఫర్ వెస్‌నాథ్. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన ఉచిత ఆట, సోర్సు కోడ్ కూడా ఎవరైనా చూసుకోవచ్చు. పటమంతా ఆరు భుజాల గడులు, మనదొక టర్ను, అవతలివాళ్లదొక టర్ను. నా టర్నులో నా సైన్యం నేను కదిపితేనే కదులుతుందని నమ్మి చాలాకాలంగా ఆడుతున్నాను. ఆ నమ్మకం ఆ పూట నీళ్లపాలైంది.

నా ఎత్తు చెబితే నా కడుపుమంట అర్థమవుతుంది. నది ఒక్క గడి వెడల్పు. ఓర్కులు నా కోట మీద పడాలంటే ఆ నీళ్లలో నిలబడే కొట్టాలి. లోతు తక్కువ నీళ్లలో వాళ్లకు రక్షణ 20 శాతమే, అంటే నేను వేసే ప్రతి దెబ్బా తగలడానికి 80 శాతం అవకాశం. కోటలో ఉన్న నా సిపాయికి రక్షణ 60 శాతం. రాత్రిపూట ఓర్కుల దెబ్బకు 25 శాతం బలం పెరుగుతుంది, నా మనుషులకు అంతే తగ్గుతుంది. అందుకే పొద్దుగూకే టర్నులోనే అతణ్ని కోట చేర్చి తెల్లవారే దాకా తలుపు కాయమన్నాను. ఇప్పుడు అంతా తలకిందులైంది. నీళ్లలో ఉన్నది నావాడు, గట్టున ఉన్నది వాళ్లు.

వెనక్కి తీసుకుందామని అన్‌డూ నొక్కాను, పనిచేయలేదు. అతను ముందుకు వేసిన అడుగుతో అవతల కొంత పొగమంచు విడిపోయింది. కొత్త ప్రదేశం కంటపడ్డాక ఆ కదలికను రద్దు చేయనివ్వదు ఈ ఆట. పోనీ నడిపించి వెనక్కి తెద్దామా? అతని 5 కదలిక పాయింట్లలో నీళ్లు 3 తిన్నాయి, 2 మిగలాలి, కోటలోకి రావడానికి 1 చాలు. కానీ మిగిలింది సున్నా. శత్రువు చుట్టూ ఉన్న ఆరు గడులు అతని అదుపులో ఉంటాయి, దీన్నే జోన్ ఆఫ్ కంట్రోల్ అంటారు. అందులో కాలుపెడితే ఆ టర్నుకు నడక అక్కడితో సరి. సిపాయికి ఉన్న ప్రాణబలం 36 హిట్ పాయింట్లు. ముగ్గురు ఓర్కులకు అవి ఒక మూలకు కూడా రాలేదు.

ఆట పాడైందని తీర్మానించుకున్నాను. మొదట మౌస్‌ను అనుమానించాను, ఒక నొక్కుకు రెండు నొక్కులు పంపుతోందేమోనని. తర్వాత ఆటకు అదనపు హంగులుగా నేను దించుకున్న యాడ్-ఆన్‌ల మీద పడి అన్నీ తీసేశాను. ఆపైన ఆటనే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఒక సాయంత్రం ఇలా గడిచింది, దక్కిన జ్ఞానం సున్నా. కోపంలో చేసే మరమ్మతు ఎప్పుడూ ఇంతే, పాడవని వస్తువులన్నీ విప్పదీస్తాం.

మర్నాడు కాస్త నిదానంగా కూర్చున్నాను. ఈ ఆట ప్రతి టర్ను మొదట్లో తనే ఒక ఆటోసేవ్ పెట్టుకుంటుంది. పొద్దుగూకే టర్ను ఆటోసేవ్ తెరిచి, ఈసారి ఆ సిపాయిని ముట్టుకోకుండా టర్ను ముగించాను. తర్వాతి టర్నులో అతను ఉన్నచోటే ఉన్నాడు. మళ్లీ అదే ఆటోసేవ్ తెరిచి, మొదటిసారి లాగే అతణ్ని కోటకు పంపి టర్ను ముగించాను. నీళ్లలోకి నడిచాడు. ఇంకోసారి చేశాను, మళ్లీ నడిచాడు. మౌస్ తప్పయితే ఇంత కచ్చితంగా రాదు. యాడ్-ఆన్‌లు అప్పటికే లేవు. మిగిలింది నేను అతనికిచ్చిన ఆ ఒక్క ఆజ్ఞ.

నాలుగోసారి కోటకు పంపేముందు తొందరపడకుండా తెర చూశాను. సిపాయిని ఎంచుకుని పటం మీద మౌస్ జరిపితే దారి పొడవునా పాదముద్రలు పడతాయి. అడుగులు ఎక్కడ ఆగుతాయో ఆ గడి మీద రక్షణ శాతం కనిపిస్తుంది. కోట గడి మీద 60 శాతం అని ఉంది. సరిగ్గా అదే చూసి నేను నొక్కుతూ వచ్చాను. దాని పక్కన చిన్నగా 1 అని ఉంది. ఆ పై గడిలో, నీళ్ల మీద, 20 శాతం, పక్కన 2. మౌస్ కొన ఉన్నది నీళ్ల గడి మీద!

అప్పుడు తెలిసింది. నాలుగు పచ్చిక గడులు, ఒక కోట గడి, మొత్తం 5 పాయింట్లు. అతను కోటలో ఆగింది నేను ఆగమన్నందుకు కాదు, ఆ టర్నుకు కాళ్లు అయిపోయినందుకు. నేను చూపించిన గమ్యం నది. చేరలేనంత దూరం గడిని నొక్కితే వెస్‌నాథ్‌లో సిపాయి వెళ్లగలిగినంత వెళ్లి, మిగతా నడకను తర్వాతి టర్ను మొదట్లో తనే పూర్తిచేస్తాడు. ఇది లోపం కాదు, సదుపాయం. ఆట సహాయం పేజీల్లో రాసే ఉంది, నేను ఎప్పుడో చదివి మరిచిపోయాను. ఎన్నో టర్నులో ఆ గడి చేరతాడో చెప్పేదే ఆ చిన్న అంకె, ఒక్క టర్నులో అయిపోయే దారికి అది అసలు కనిపించదు. అంకె ఉందంటేనే నడక ఇంకా మిగిలి ఉందని.

అయినా నాకు సాక్ష్యం కావాలనిపించింది. పట్టుదల అనండి, చాదస్తం అనండి. అలా తప్పుగా పంపిన వెంటనే టర్ను మధ్యలోనే ఆటను సేవ్ చేసి, ఆ ఫైలు కుదింపు విప్పి మామూలు ఎడిటర్‌లో తెరిచాను. వెస్‌నాథ్ సేవ్ ఫైలు లోపల అంతా చదవగలిగే అక్షరాలే. సిపాయి పేరు వెతికితే అతని జాతకమంతా ఒకచోట ఉంది: మిగిలిన హిట్ పాయింట్లు, అనుభవం, కదలిక. వాటి మధ్య గోటూ ఎక్స్, గోటూ వై అని రెండు వరుసలు. ఆ అంకెలు పట్టుకుని పటం మీద మౌస్ పెట్టి చూస్తే సరిగ్గా ఆ నీళ్ల గడి. నా సంతకం ఉన్న ఆజ్ఞాపత్రమే దొరికింది.

సెట్టింగుల్లో ఈ ఆటోమేటిక్ కదలికలను ఆపే వీలుంది. వెంటనే ఆపేశాను, రెండు రోజులకు మళ్లీ పెట్టుకున్నాను. గాయపడ్డవాణ్ని మూడు టర్నుల దూరంలోని పల్లెకు పంపేటప్పుడు ప్రతిసారీ చెయ్యి పట్టుకుని నడిపించడం విసుగు. దానికి బదులు ముందు వరసలో ఉన్నవాళ్ల విషయంలో ఆ చిన్న అంకె చూసుకుంటున్నాను. పొరపాటున నొక్కినా భయం లేదు, అదే సిపాయికి కొత్త గమ్యం చూపిస్తే పాత ఆజ్ఞ పోతుంది.

అంతా ఒకే రోగమనుకోవడం నా ఇంకో తప్పు. అదే ఆటలో నా గుర్రపు రౌతు ఒకడు పంపినచోటికి వెళ్లకుండా సగంలో నిలిచిపోయాడు. దాన్నీ ఇదే ఖాతాలో రాశాను. అది వేరే కథ. ఆట దారి లెక్కవేసేది మనకు కనిపిస్తున్న శత్రువులను బట్టే. పొగమంచులో ఓర్కు పొంచి ఉంటే లెక్కలోకి రాదు. రౌతు వెళ్లి వాడి పక్క గడిలో పడ్డాడు, నడక ఆగింది. చిత్రమేమిటంటే అంతకుముందు అదే దారిలో గబ్బిలాల పక్కనుంచి ఆగకుండా దూసుకుపోయాడు. గబ్బిలం సున్నా స్థాయి ప్రాణి, దానికి అదుపు వలయం ఉండదు. ఇది తెలియక రౌతుకు ఓర్కులంటే భయమేమో అనుకున్నాను.

మొన్న ఇంకొకటి జరిగింది. నా సైన్యంలోని మంత్రగత్తె సిల్వర్ మేజ్‌ను ఏడెనిమిది గడుల దూరం పంపాను. ఆమె నేను పంపిన వైపుకు ఎదురుదిశలో ఉన్న పల్లెకు నడిచి, అక్కడ మాయమై, పటం రెండో కొసన ఉన్న నా పల్లెలో తేలింది. ఈసారి మౌస్ జోలికి పోలేదు. ఆమె మీద మౌస్ పెట్టి సామర్థ్యాల వరుస చదివాను: మన అధీనంలోని పల్లెల మధ్య క్షణంలో మారిపోగలదట. దగ్గరిదారి అదే అయింది, పట్టుకుంది.