తలుపు పెట్టిన రేవు

తప్పు నాదే. కొరియన్‌లో మన్‌జో అంటే పోటు, కన్‌జో అంటే పాటు. మూడేళ్లుగా సువన్‌లో ఉద్యోగం చేస్తూ, కూరగాయల బేరాలు కూడా కొరియన్‌లోనే ఆడుతూ, ఆ రెండు మాటలూ తారుమారు చేసుకున్నాను. ఫోన్‌లో పట్టిక చూసి, "మధ్యాహ్నం పన్నెండున్నరకి నీళ్లు నిండుగా ఉంటాయి నాన్నగారూ, ఓ గంట ముందే అక్కడుందాం" అని ఆయన్ని పొద్దున్నే లేపి రైలెక్కించాను. తీరా ఇంచియాన్ వెళ్లి చూస్తే సముద్రం లేదు.

మాటవరసకి అనడం లేదు, నిజంగానే లేదు. బురద ఉంది. బూడిద రంగులో నిగనిగలాడుతూ, మధ్యలో పాయలు పాయలుగా చీలి, ఏనుగు తోలు పరిచినట్టు ఉంది. అందులో నాలుగైదు చేపల పడవలు ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాయి.

నాన్నగారు ముందు పడవల్ని చూడలేదు. గట్టు మీద ఇనప గుంజకి కట్టిన తాడుని చూశారు. అది గోడ మీద నుంచి కిందికి వేలాడి, బురదలో పెద్ద వంపు తిరిగి, అప్పుడు పడవ ముక్కు దాకా వెళ్లింది. "ఇంత వదులుగా కట్టారేంటమ్మా? పడవ కొట్టుకుపోదూ?" అన్నారు. తర్వాత గోడ మీద పాచి పట్టిన గీత వైపు తలెత్తి చూశారు. గీత మా కాళ్లకి కాస్త కిందే ఉంది. పడవలేమో రెండంతస్తుల మేడ మీద నుంచి చూస్తే వాకిట్లో ఉన్నంత కింద ఉన్నాయి. "అయ్యబాబోయ్! నీళ్లు అక్కడిదాకా వస్తాయా?"

వస్తాయి. పున్నమి, అమావాస్యలు వెళ్లిన ఒకటి రెండు రోజులకి ఇక్కడ పోటుకీ పాటుకీ తేడా 9 మీటర్ల దాకా ఉంటుంది. మేం వెళ్లింది చుసోక్ వెళ్లిన రెండో రోజు. చుసోక్ అంటే పున్నమి పండగే కదా. మా కాకినాడలో ఎంత పున్నమి పోటైనా మనిషి నిలువెత్తుకి మించదు.

నాన్నగారి గురించి ఒక మాట చెప్పాలి. కాకినాడ పాత రేవులో ఆయన ముప్ఫై ఏళ్ల పైన టాలీ క్లర్కుగా చేశారు. అక్కడ పెద్ద ఓడలు గట్టుదాకా రావు. దూరంగా లంగరేసుకుని నిలబడితే బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి వెళ్తాయి. ఎన్ని బస్తాలు ఎక్కాయో లెక్క రాసుకోవడం ఈయన పని. నా దగ్గరికి మొదటిసారి వచ్చారని సోల్‌లో రాజభవనాలన్నీ తిప్పి చూపించాను. "బాగున్నాయమ్మా" అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చాక మెల్లిగా, "ఇక్కడ రేవు ఏదీ లేదా?" అని అడిగారు. సువన్ నుంచి రైలు మారకుండా వెళ్లగలిగే దగ్గరి రేవు ఇంచియానే.

మేం నిలబడ్డ చోటు పేరు పుక్సంగ్ ఫోగు. ఇంచియాన్ స్టేషన్ దిగి పది నిమిషాలు నడిస్తే ఒక పెద్ద పిండిమిల్లు వస్తుంది, దాని వెనక ఉంటుంది ఈ చిన్న పడవల రేవు. 1950 సెప్టెంబరు 15 సాయంత్రం అమెరికన్ మెరీన్లు నిచ్చెనలు వేసుకుని గోడెక్కిన 'రెడ్ బీచ్' ఈ చుట్టుపక్కలే. పేరుకి బీచ్ గానీ ఇసుక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మిల్లు దగ్గర రోడ్డు పక్కన ఒక గుర్తు రాయి ఉంది. లారీలు దాని పక్కనుంచే పోతుంటాయి, ఎవరూ ఆగరు.

రైల్లో వస్తూ ఈ కథ ఆయనకి సగమే చెప్పాను. ఆ ఏడాది జూన్ 25న ఉత్తర కొరియా సైన్యం సరిహద్దు దాటింది. మూడు రోజుల్లో సోల్ పోయింది. ఆగస్టుకల్లా దక్షిణాది సైన్యానికీ, సాయం వచ్చిన అమెరికన్లకీ ఆగ్నేయ మూలన బుసాన్ చుట్టూ కాస్త నేల మాత్రమే మిగిలింది. అమెరికన్ సేనాపతి జనరల్ మెకార్థర్ అక్కణ్ణుంచి తోసుకుంటూ వెళ్లకుండా, శత్రువు వీపు వెనక, సోల్‌కి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంచియాన్‌లో దిగుదాం అన్నాడు. నౌకాదళం వాళ్లు బెంబేలెత్తిపోయారు. ఆగస్టు 23న టోక్యోలో జరిగిన సమావేశంలో, సైన్యాన్ని ఒడ్డుకి చేర్చాల్సిన రియర్ అడ్మిరల్ జేమ్స్ డాయల్ లెక్కలన్నీ విడమరిచి చెప్పి, చివరికి ఇంచియాన్ అసాధ్యం కాదు, అంతకంటే మంచి మాట చెప్పలేను అన్నాడు.

"మరి ఆయన చెప్పింది నిజమే కదమ్మా" అన్నారు నాన్నగారు, బురదలోకి చూస్తూ. "ఇది రేవు కాదు, చెరువు పూడిక."

డాయల్ పేరు ఆయన వినడం అదే మొదలు. అయినా ఆ రోజంతా ఆయన పక్షమే మాట్లాడారు.

లెక్క ఇదీ. ట్యాంకుల్నీ లారీల్నీ మోసుకొచ్చి, ముక్కు తలుపులు తెరిచి నేరుగా ఒడ్డున దింపే పెద్ద ఓడలు గట్టు దాకా రావాలంటే పోటు 29 అడుగులకి ఎక్కాలి. అంత పోటు నెలలో ఏ కొద్ది రోజులో వస్తుంది, అదీ మూడు గంటల పాటే. సెప్టెంబరు 15 తప్పితే అక్టోబరు 11 దాకా ఆగాలి. ఆ రోజు పోట్లు రెండు: తెల్లవారాక ఏడింటికి ఒకటి, చీకటి పడే వేళకి ఇంకొకటి. మధ్యలో అంతా నేను నాన్నగారికి చూపించిన ఈ బురదే. రేవు ముందు కావలి కుక్కలా వల్‌మిదో ద్వీపం ఉంది. దాన్ని ముందు పట్టుకోకుండా ఊరి గోడ దగ్గరికి వెళ్తే పక్క నుంచి ఫిరంగులు పేలుస్తారు. అందుకని పొద్దుటి పోటుకి వల్‌మిదో, సాయంత్రం పోటుకి ఊరు. ఆరున్నరకి వల్‌మిదోలో దిగిన మెరీన్ బెటాలియన్‌కి, నీళ్లు వెళ్లిపోయాక, మళ్లీ సాయంత్రం దాకా పడవలో ఎవరూ తోడు రాలేరు.

సాయంత్రం ఐదున్నరకి ఇక్కడ, ఈ గోడ దగ్గర, పోటు మీద కూడా గట్టు పడవ ముక్కు కంటే ఎత్తుగానే ఉంది. అందుకే కొక్కేల నిచ్చెనలు తెచ్చుకున్నారు. గోడెక్కుతున్న లెఫ్టినెంట్ బాల్డొమెరో లోపెజ్ వీపు కనిపించే ఫొటో ఒకటి ఉంది. అది తీసిన కొద్ది నిమిషాలకే అతను చేజారిన గ్రెనేడ్‌ని తన ఒంటి కిందికి లాక్కుని చనిపోయాడు. ఆ పడవల్లోనే మార్గరీట్ హిగిన్స్ అనే పత్రికా విలేఖరి కూడా వచ్చి గోడెక్కింది. మరుసటి ఏడాది ఆమెకి పులిట్జర్ వచ్చింది.

నాన్నగారిని కుదిపింది మాత్రం ఇవేవీ కావు. ఆ సాయంత్రం పోటు మీద ఎనిమిది పెద్ద ఓడల్ని కావాలనే ఇక్కడ గట్టుకి తోశారని చెప్పాను. నీళ్లు దిగిపోతే అవి బురదలో కూర్చుంటాయి, మర్నాటి పోటు దాకా కదల్లేవు. ఒడ్డున ఉన్నవాళ్లకి రాత్రికి మందుగుండు, పెట్రోలు అందాలంటే వేరే దారి లేదు.

"కూర్చోబెట్టారా? కావాలనే?" ఆగిపోయారు. "పెట్రోలుతో ఉన్న ఓడని?" ఒకసారి తుపాను ముందు మా రేవు దగ్గర ఒక బార్జీ ఇసకమేట ఎక్కితే, బస్తాలు దించి దాన్ని తేల్చడానికి రెండు రోజులు పట్టిందని చెప్పారు. ఇంట్లో ఎప్పుడూ చెప్పని సంగతి. ఆ రెండు రోజులూ ఆ బార్జీ మీదే పడుకున్నారట.

ఇంకో సంగతికి మాత్రం నవ్వారు. ఈ దాడికి వచ్చిన అలాంటి పెద్ద ఓడలన్నిట్లో చాలావాటిని నడిపింది జపాన్ సిబ్బంది. ఐదేళ్ల ముందు దాకా కొరియాని ఏలిన జపానే. "పనివాడికి ఏ జెండా అయితేనేం, జీతం జీతమే" అన్నారు.

మధ్యాహ్నం చైనాటౌన్‌లో తిన్నాం. చజంగ్‌మ్యన్ అనే నల్ల సాసు నూడుల్స్ పుట్టింది ఇక్కడే. నాన్నగారు దాని రంగు చూసి, సంచిలోంచి పులిహోర డబ్బా తీశారు. పక్కనే గుట్ట మీద జయూ పార్కులో మెకార్థర్ విగ్రహం ఉంది, 1957లో పెట్టారు. 2005లో దాన్ని తీసేయాలని కొందరు, ముట్టుకోవద్దని కొందరు ఇక్కడే గొడవపడ్డారు. చేతిలో బైనాక్యులర్లు పట్టుకుని సముద్రం వైపు చూస్తుంటాడు. నాకైతే ఆ విగ్రహం దగ్గర చెప్పుకోదగ్గదేమీ తోచలేదు. ఫొటో తీసుకుని దిగొచ్చేశాం.

వల్‌మిదో ఇప్పుడు ద్వీపం కాదు, మధ్యలో పూడ్చేశారు. కొండంతా పార్కు. నాన్నగారి మోకాళ్లకి నచ్చేలా ఆగి ఆగి ఎక్కాం. దారిలో కొన్ని పాత చెట్లకి చుట్టూ కంచె కట్టి పలకలు పెట్టారు. బాంబులు పడ్డాక కూడా మళ్లీ చిగిర్చిన చెట్లని వాటికి గౌరవం. నేను పలక చదివి చెప్తుంటే నాన్నగారు, "చెట్లు సరేనమ్మా, మనుషులో?" అన్నారు.

మనుషుల కథ చెట్లంత బాగా లేదు. మెరీన్లు దిగడానికి ఐదు రోజుల ముందు, సెప్టెంబరు 10న, అమెరికన్ విమానాలు వల్‌మిదో మీద నాపామ్ అనే మంట బాంబులు కురిపించాయి. ఫిరంగుల్ని దాచిన చెట్లూ చేమా కాలిపోవాలని. వాటితో పాటు కింద జాలర్ల ఊరు కూడా కాలిపోయింది. ప్రభుత్వం వేసిన సత్యశోధన కమిషన్ 2008లో కనీసం వంద మంది ఊరివాళ్లు చనిపోయి ఉంటారని తేల్చింది. బతికినవాళ్లు తర్వాత కూడా తమ ఇళ్ల జాగాల్లోకి రాలేకపోయారు. ముందు అమెరికన్ సైన్యం, తర్వాత కొరియా నౌకాదళం ఈ కొండని తమ దగ్గరే ఉంచుకున్నాయి. 2001లో తెరిచారు, అదీ పార్కుగా. దిగిన రోజు అమెరికన్ సైన్యంలో చనిపోయినవాళ్లు పాతిక మందికి లోపే. గెలుపు ఎంత చవగ్గా వచ్చిందో చెప్పడానికి ఆ అంకెని తరచూ వాడతారు. ఈ ఊరివాళ్లని ఆ లెక్కలో ఎవరూ కలపరు. టాలీ క్లర్కు కూతుర్ని కదా, లెక్క తప్పితే నాకు ఊరుకోబుద్ధి కాదు.

పైన, చూపు మేడ మీద నాన్నగారికి ఆ రోజుకల్లా నచ్చిన దృశ్యం దొరికింది. ఒక పక్క బయటి సముద్రం, చాలా కిందికి దిగిపోయి. ఇంకో పక్క లోపలి రేవు, అందులో నీళ్లు అంచుల దాకా, పెద్ద ఓడలు గట్టుని ఆనుకుని. మధ్యలో గేట్లు. పోటు మీద వచ్చిన నీటిని లోపలే ఆపి, ఓడల్ని మెట్టు మీద మెట్టు ఎక్కించినట్టు లోపలికి తీసుకుంటారు. మొదటి గేట్లు 1918లో జపాన్ వాళ్లు కట్టారు, ఇప్పుడున్న పెద్దవి 1974 నాటివి. "తలుపు పెట్టారమ్మా సముద్రానికి!" అని కటకటాల మీద వాలి పావుగంట చూశారు. ఓడ ఒకటి గేటులోకి వస్తుందేమోనని ఇంకో పావుగంట. రాలేదు.

అక్కడే ఆయనకి మన వాళ్ల సంగతి చెప్పాను. 1953లో యుద్ధం ఆగాక, తమ దేశాలకి తిరిగి వెళ్లేది లేదన్న యుద్ధఖైదీల్ని చూసుకోవడానికి భారత సైనికులు ఓడల్లో ఈ రేవు దాకా వచ్చారు. జనరల్ తిమ్మయ్య ఆ ఖైదీల సంగతి తేల్చే తటస్థ దేశాల కమిషన్‌కి అధ్యక్షుడు, మేజర్ జనరల్ తొరాట్ ఆ సైనికులకి అధిపతి. కానీ దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి ఇండియా మీద కోపం. నా నేల మీద ఒక్క భారత జవాను కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. చివరికి అమెరికన్లు మన వాళ్లని రేవు బయట ఓడ మీద నుంచే హెలికాప్టర్లలో ఎక్కించి, ఊరి మీదుగా ఎగరేసి, సరిహద్దు దగ్గర నిస్సైనిక మండలంలో దింపారు. వేల మందిని, కొద్ది కొద్దిమందిగా.

"అంటే గట్టు కనిపిస్తూనే ఉంది, దిగలేదు" అన్నారు. లంగరేసిన ఓడల మీద వారాల తరబడి గట్టుని చూస్తూ కూర్చునే నావికుల్ని ఆయన చాలామందినే చూశారు. సిగరెట్లు తెచ్చిపెట్టమని బార్జీవాళ్లని బతిమాలేవాళ్లట.

నాలుగున్నరకి కిందికి దిగి, వల్‌మిదో సముద్రపు ఒడ్డున రాతి మెట్ల మీద కూర్చున్నాం. పొద్దుట బెటాలియన్ దిగిన 'గ్రీన్ బీచ్' ఈ తీరంలోనే. ఇప్పుడు వెనకాల రంగులరాట్నాలు, ముందు కుర్రాళ్ల సెల్ఫీలు, సీగల్ పిట్టలకి రొయ్యల చిప్స్ విసిరే పిల్లలు. నాన్నగారు ఒక మెట్టు ఎంచుకుని, దాని కింద తడిలేని మెట్లు లెక్కపెట్టారు. ఆ తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు.

నీళ్లు వస్తున్నట్టు కనిపించవు. అలలేమీ లేవు. ఒక మెట్టు తడుస్తుంది, కాసేపటికి చూస్తే ఆ మెట్టు లేదు. ఐదున్నరకి ఆరు మెట్లు పోయాయి. అప్పటికి మా సంచీ ఒక మెట్టు పైకి జరిపాం, తర్వాత ఇంకొకటి. చీకటి పడుతుంటే నీళ్లు నల్లగా, బరువుగా, చప్పుడు లేకుండా అంచు దాకా నిండాయి. ఇదే వెలుగులో, ఇదే నీటి మీద, ఇంకో గంటన్నరలో పని కానిస్తేనే అన్న టెన్షన్‌తో వాళ్లు పడవల్లో ముందుకి వంగి కూర్చుని ఉంటారు. నేను ఏదో అనబోతే నాన్నగారు చెయ్యెత్తి ఆపారు.

"టైమెంత?"

"ఆరూ ముప్ఫై ఎనిమిది."

"పదకొండు మెట్లు." వంగి, మా కాళ్ల ముందున్న రాయి మీద వేలు పెట్టి చూపించారు. నీటికి పైన వేలెడు తడి గీత ఉంది. "తిరిగింది. పద, రైలు ఉందో లేదో చూడు."