బిళ్ళ ముందా, నొప్పి ముందా

ఎమ్మెస్సీ మొదటి ఏడాది, ల్యాబ్ ఇంటర్నల్. బ్యూరెట్ కింద ఫ్లాస్క్ తిప్పుతూ రంగు మారే చుక్క కోసం చూస్తున్నాను. నడుంలో మొదలైన నొప్పి తొడల్లోకి దిగింది. చెమటలు, కళ్ళ ముందు చీకట్లు. బాత్రూమ్‌కి పరిగెత్తి వాంతి చేసుకుని వచ్చేసరికి, నేను కట్టేయడం మర్చిపోయిన బ్యూరెట్ కొళాయి కారి, లేత గులాబీ దగ్గర ఆగాల్సిన ద్రావణం ముదురు గులాబీ అయిపోయింది.

"ఏం తిన్నావమ్మా?" అన్నారు సార్.

"పానీపూరీ సార్."

పదమూడో ఏట నుంచీ ప్రతి నెలసరికీ ఇదే వరస. అమ్మ వాము నీళ్ళిచ్చి, "మాకూ ఇంతే, పిల్లలు పుడితే అదే పోతుంది" అనేది. హాస్టల్లో కెటిల్ వాడనివ్వరు. మెస్‌లో వేడినీళ్ళు అడిగి స్టీలు సీసాలో పోసి, తువ్వాలు చుట్టి పొత్తికడుపుకి అదుముకునేదాన్ని. దాంతో కాస్త నయమే. నొప్పి బిళ్ళ మాత్రం ఇక ప్రాణం పోతుందనుకున్నప్పుడే వేసుకునేదాన్ని, అదీ పరగడుపున. ఎక్కువ వేసుకుంటే పిల్లలు పుట్టరని మా ఫ్లోర్‌లో అందరి భయం.

ఆ ఇంటర్నల్ పోయాక డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. మిగతా రోజుల్లో నొప్పి ఉంటుందా, రక్తం ఎక్కువ పోతుందా అని అడిగి స్కానింగ్ చేయించారు. ఏమీ లేదు. గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారై కండరాన్ని మెలిపెడతాయట. నా వాంతులూ విరేచనాలూ వాటి పుణ్యమే. బిళ్ళ వాటి తయారీని ఆపుతుంది తప్ప, తయారైపోయినవాటిని వెనక్కి తీసుకోలేదు. "పాలు పొంగిపోయాక స్టవ్ కట్టేస్తున్నావు" అన్నారు. అల్సర్, ఉబ్బసం లేవని తేల్చుకుని మెఫెనమిక్ యాసిడ్ రాశారు. వస్తోందనిపించగానే అన్నం తిని వేసుకోవాలి, ఆపైన రెండు రోజులు వేళ తప్పకూడదు, పిల్లలు పుట్టరన్నది ఒట్టి మాట అన్నారు.

2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఈ మందుతో ఒళ్ళంతా తీవ్రమైన అలర్జీ రావచ్చని హెచ్చరిక ఇస్తే హాస్టల్ గ్రూపంతా గగ్గోలు. మళ్ళీ వెళ్ళి అడిగాను. అది చాలా అరుదు, కానీ ఒంటిమీద దద్దుర్లు, జ్వరం కనిపిస్తే మందు ఆపేసి వెంటనే రమ్మన్నారు.

మూడో నెలకి క్లాసులో కూర్చోగలిగాను. నొప్పి పూర్తిగా పోలేదు, ఉందని తెలుస్తుంది, అంతే. నా చీటీ చూసి మందులు కొనుక్కున్న పక్కగది అమ్మాయికి మాత్రం ఏమీ తగ్గలేదు. తనకి నెల మధ్యలోనూ నొప్పే. స్కానింగ్‌లో చాక్లెట్ సిస్ట్, అంటే అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి, అని తేలింది. నా చీటీ ఇచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కేరళలో కుసాట్ అనే యూనివర్సిటీ 2023 జనవరిలోనే నెలసరి కోసం అమ్మాయిలకి హాజరులో 2 శాతం సడలింపు ఇచ్చింది. మా దగ్గర అలాంటిదేం లేదు. హాజరు 75 శాతం కన్నా తగ్గితే, కారణం రాసిచ్చి, ఆ లోటు మాఫీకి కండోనేషన్ ఫీజు కట్టాల్సిందే. కిందటి సెమిస్టర్ ఫారంలో కారణం దగ్గర 'జ్వరం' అని రాశాను. ఈసారి 'నెలసరి నొప్పి' అని రాశాను. గుమాస్తా చదివి, తలెత్తకుండా, "డాక్టర్ చీటీ జిరాక్స్ ఏదమ్మా?" అన్నాడు.

ఇచ్చాను.