మా మండువా ఇల్లు, నాన్న వేయించిన సిమెంటు

కోనసీమలో మాది మండువా లోగిలి (మధ్యలో పైకప్పు లేని చోటు, చుట్టూ గదులు), మా ముత్తాత కట్టించింది, పదేళ్ళపాటు తాళం వేసే ఉండేది. పడగొట్టి స్థలం అమ్మేద్దాం అని పెదనాన్న గారి పిల్లలు, ఉంచుదాం అని నేనొక్కణ్ణే. వాళ్ళ వాటాలు కొని రిజిస్ట్రేషన్ అయ్యేసరికే ఏడాది పట్టింది, ఆ గొడవ ఇక్కడెందుకులెండి.

ముందు కప్పు విప్పించాం. మంగుళూరు పెంకు, 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి మొదలెట్టిన రకం. ఒక్కోటీ దించి కడిగి వేలితో కొట్టి చూడటమే పని, ఖంగుమంటే మంచిది, డబ్ మంటే పగులున్నట్టు. సగం పైనే బాగున్నాయి గానీ మిగతా వాటికి కొత్తవి తెస్తే గాడి కలవలేదు, చివరికి పక్కూళ్ళో ఎవరో ఇల్లు పడగొడుతుంటే వాళ్ళ పెంకే కొన్నాం. దూలాలు టేకువి, గోడలోకి దూరిన కొసలే చెదలు తినేశాయి, వడ్రంగి అంతవరకే కోసి కొత్త ముక్క అతికాడు.

అసలు చుక్కలు చూపించింది గోడలు. 1996 నవంబరు తుఫానుకి వెనక కొబ్బరిచెట్టు వంటిల్లు మీద పడితే, ఆ రిపేర్లలోనే నాన్న "గట్టిగా ఉంటుంది" అని గోడలన్నిటికీ నడుం ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించేశారు. పాత ఇటుక సున్నం గోడ కింద నేలలో చెమ్మ పీలుస్తుంది, మళ్ళీ గాలికి ఆరిపోతుంది, సిమెంటు అడ్డం పడేసరికి ఆ చెమ్మంతా పైకి ఎగబాకి ఛాతీ ఎత్తులో ఉప్పు తేలి పెచ్చులు ఊడుతున్నాయి. ఇది తెలీక నేనేమో మొదట వాటర్‌ప్రూఫ్ కెమికల్ కొట్టించా, నలభై వేలు, మూడు నెలలకి అట్టలు అట్టలుగా లేచొచ్చింది.

తర్వాత దొరికారు ఒక పెద్ద మేస్త్రి గారు, డెబ్భై దాటాయి. గోడ మీద చెయ్యేసి "ముందా సిమెంటు ఊడగొట్టించండి బాబూ, ఓ ఎండాకాలం దాన్నలా వదిలేయండి, తర్వాత చూద్దాం ఆయ్" అన్నారు. నిజంగానే వేసవంతా ఇటుకలు బయటపడి ఇల్లు తోలు వలిచినట్టుండేది. ఈలోపు పెరట్లో గొయ్యి తీసి సున్నం నెలపైన నానబెట్టాం, అందులో కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు. (బెల్లానికి ఊళ్ళో చీమలన్నీ మా పెరట్లోనే.) పల్చటి పూతలు, పూత పూతకీ వారం గ్యాప్, పూసింది త్వరగా ఆరిపోకుండా తడిపిన గోనెపట్టాలు. నాలుగు లక్షలనుకున్నది పదకొండైంది, ఎక్కువ భాగం కూలీకే.

ఇప్పుడు ఉండబట్టి రెండేళ్ళు. మే నెలలో కూడా పగలు హాల్లో ఫ్యాన్ చాలు. కానీ పెంకు సందుల్లోంచి దుమ్ము రోజూ రాలుతుంది, ఎలుకలు సరేసరి, పెద్ద వానొస్తే ముందు పరిగెత్తి మండువా తూములో ఆకులు తీయాలి, ఒకసారి మర్చిపోతే నీళ్ళు వసారా ఎక్కేశాయి. పడమటి గది ఇంకా చెయ్యలేదు, డబ్బుల్లేక.

నాన్న మొన్నొచ్చి గోడలన్నీ తడిమి చూశారు. బావుందనలేదు. "పడమటి గదికైనా రెండు బస్తాల సిమెంటు కొట్టించరా, వారంలో అయిపోద్ది" అన్నారు.